రేవు ఒడంబడికలో పన్నెండో షరతు

మొన్న సాయంత్రం టీవీలో రెండు దేశాల ప్రతినిధులు ఒక పొడవాటి బల్లకు చెరో వైపు కూర్చుని సంతకాలు చేసి, తోలు అట్టల దస్తాలు మార్చుకుని, ఫోటోలు తీసేవాళ్ళు చాలనేదాకా చేతులు కలిపి నవ్వుతూ నిలబడ్డారు. వ్యాపారంలో, చదువుల్లో, సేద్యంలో, రక్షణలో, ఇక అన్నిటా భాగస్వాములమన్నారు. ఇంట్లో అందరూ ఆ చేతుల్ని చూస్తుంటే నేను వాళ్ళ వెనక నిలబడి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించి, చప్పుడు లేకుండా వెనక్కి తగ్గిపోయిన గుమస్తాలను చూశాను. మా నాన్న పని అదే. ఒక్కసారి ఆయన పని నేను చేశాను. ఆ సంగతి నా డైరీలో తప్ప ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

మన వయసువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది కృష్ణకు ఇవతల గురజాల తాలూకాలోని మా రేవు ఊరు ఒక దేశంలో, అవతలి ఒడ్డు ఇంకో దేశంలో ఉన్నాయి. అంతకు ముందూ అవతలిది నైజామే గాని, సుంకం నాకాలో రెండు మాటలు చెప్పి దాటే నైజాం. మా అక్కను మిర్యాలగూడెం వైపు పల్లెలో ఇచ్చినప్పుడు మా అమ్మ నది దాటిస్తున్నానని దిగులు పడలేదు, వియ్యపురాలి నోటికి మాత్రమే భయపడింది. మేము సాయిబులమే అయినా ఇంట్లో మాట తెలుగు. ఉర్దూ నాన్న పట్టుబట్టి నేర్చుకుని, దాని పుణ్యాన తాలూకాలో మున్షీ అయ్యారు. కొడుకులు లేరు కనుక ఆ ఉర్దూ నాకే నేర్పారు. నేను గడపలోకి కొత్త మనిషి వస్తే లోపలి గదిలోకి పోయే పిల్లను, నోటితో చెప్పలేనివన్నీ రాసుకునేదాన్ని. నాన్న పేరు మీద గ్రంథాలయం నుంచి తెప్పించిన పుస్తకాలు నేనే చదివేదాన్నని గ్రంథాలయం నడిపే ఆయనకు ఎప్పటికీ తెలియదు.

ఆ చలికాలానికి ఊరు మారిపోయింది. అవతల రజాకార్ల ఆగడాలు తాళలేక మూటలు నెత్తిన పెట్టుకుని జనం నది దాటి వస్తుంటే, వాళ్ళ కథలు విన్న కళ్ళతో మా ఊరివాళ్ళు మా ఇంటి వైపు చూసేవాళ్ళు. ఎదురింటి పిన్ని, నాకు జడలు వేసి పెంచిన మనిషి, మా వాకిట్లోకి రావడం మానేసింది. అంగట్లో అమ్మ ఉప్పు అడిగితే కొట్టాయన నలుగురిలో, “మీకేంది వదినా, అల్లుడు నైజాంలోనేగా, ఆయన్నే ఒక బస్తా పంపమను” అన్నాడు. అవతల ఉప్పు దొరక్క జనం అల్లాడుతున్నారని తెలిసే అన్నాడు. అక్కడ అక్క పరిస్థితీ అంతేనని పడవవాడి ద్వారా కబురు వచ్చింది. ఆ ఊళ్ళో వాళ్ళను ఇండియన్ యూనియన్ వాళ్ళ వియ్యంకులని అనుమానంగా చూస్తున్నారట. అక్కకు అప్పుడు ఏడో నెల. మొదటి కాన్పులోనే బిడ్డ దక్కలేదు, అదీ అత్తవారింట్లోనే జరిగింది. ఈసారైనా పురుడు పుట్టింట్లో పోయాలని అమ్మ రోజూ రేవు దాకా వెళ్ళి, మూసిన రేవును చూసి వచ్చేది.

ఢిల్లీ పెద్దలూ హైదరాబాదు పెద్దలూ ఒక ఏడాదికి ఉన్నదున్నట్టు సాగాలని రాసుకున్నారు. ఆ పెద్ద ఒడంబడికకు తోకగా మా రేవు సంగతి తేల్చడానికి రెండు వైపుల అధికారులు కలవాలని తాఖీదు వచ్చింది. కలవడమంటే ఎవరు ఎవరి ఒడ్డుకు రావాలి? ముందు దాటినవాడు తగ్గినవాడవుతాడని వారం రోజులు ఉత్తరాలు నడిచాయి. చివరికి నీళ్ళు తీసిన నది నడుమ ఇసుక తిన్నె మీద కలిశారు. మావాడు తన కుర్చీ పడవలో తెచ్చుకున్నాడు, వాళ్ళవాడు తివాచీతో సహా తెచ్చుకున్నాడు. బల్ల ఎవరిదన్న ప్రశ్నకు రెండు బల్లలు తెచ్చి ఆనించారు. వాళ్ళ బల్ల రెండు వేళ్ళు ఎత్తుగా ఉండటంతో మావాడు కూర్చోనన్నాడు. ఇసుక తవ్వి దాని కాళ్ళు దింపేసరికి మధ్యాహ్నమైంది. నాన్న ఇంటికొచ్చి ఇవన్నీ నవ్వకుండా చెప్పేవారు. ఆయన కుడి చూపుడు వేలికి గోరుచుట్టు లేచి, నిమ్మకాయ తొడుక్కుని ఆ కచేరీకి వెళ్ళేవారు, ఎడమ చేత్తో గుర్తులు రాసుకునేవారు.

మూడో రోజు పదకొండు షరతులు కుదిరాయి. అప్పుడు కాగితంలో ఎవరి ప్రభుత్వం పేరు ముందు రాయాలన్న తగాదా లేచి, అంతా మళ్ళీ మొదటికొచ్చింది. ఎవరి దగ్గరుండే ప్రతిలో వారి పేరు ముందు పెట్టుకోవచ్చని నాన్నే ఉపాయం చెప్పారట. చెప్పిన పాపానికి తెలుగులో రెండు, ఉర్దూలో రెండు మంచి ప్రతులు తెల్లారేసరికి సిద్ధం చేయమని ఆయన మీదే పెట్టారు. వేలు చూసుకుని, నన్ను చూసి, “చూసింది చూసినట్టు దించు, సొంత తెలివి వద్దు” అన్నారు.

నేను దించుతూ పోయాను. నాలుగో షరతులో, మేతకు పోయి దాటిన గొడ్డును, వెంట ఒక కాపరితో సహా తిరిగి రానివ్వాలని ఉంది. అది నాలుగుసార్లు రాశాను. నాలుగోసారి రాస్తుంటే వంటింట్లో అమ్మ దగ్గు వినిపించింది. తప్పిపోయిన ఎద్దుకు దారుంది, మా అక్కకు లేదు. పదకొండో షరతు కింద సంతకాలకు వదిలిన జాగాలో, నాలుగు ప్రతుల్లోనూ, “పురిటికి పుట్టింటికి వెళ్ళే ఆడవాళ్ళను ఇరువైపులవారూ అడ్డగించరాదు” అని పన్నెండోది రాసి, సిరా ఆరేదాకా కూర్చున్నాను. పదిహేడేళ్ళ నా జీవితంలో ఒకరికి ఎదురు మాట చెప్పి ఎరగను.

నాన్న వాటిని చూడకుండానే మడిచి తీసుకుపోయారు. ఇసుక తిన్నె మీద పైకి చదవడం మొదలుపెట్టి, పదకొండు అయ్యాక పన్నెండోది చూశారట. ఆపితే తప్పు బయటపడుతుంది, కనుక అదే గొంతుతో చదివేశారు. ఇది తాను ఒప్పుకున్నది కాదని ఇద్దరు అధికారులకూ తెలుసు. కాని అవతలివాడు అడిగి ఉంటాడని, తాను పరాకుగా ఉన్నప్పుడు కుదిరి ఉంటుందని ఎవరికి వారు అనుకున్నారు, పరాకుగా ఉన్నానని ఒప్పుకునే ఉద్దేశం ఇద్దరికీ లేదు. మావాడు ముందుగా, ఇది మా ఉదారతకు గుర్తు అన్నాడు. వాళ్ళవాడు వెంటనే, అసలు ప్రతిపాదన మాదే అన్నాడు. దాని మీద ఇంకో గంట మాటలు విసురుకుని సంతకాలు చేశారు. నాన్న ఇంటికొచ్చి నా వైపు చూడకుండా, “ఆ గోరుచుట్టేదో నీ వేలికి లేచినా బాగుండేది” అన్నారు. తరువాత పది రోజులు నాతో మాట్లాడలేదు.

అక్కకు కబురు పోయింది. అనుకున్న రోజున నాన్న, అమ్మ, నేను తిన్నె మీదికి వెళ్ళాం. అక్కడ ఇసుకలో గీత గీసి, గీతకు ఇటు మా జవానులు, అటు వాళ్ళ జవానులు ఒకరినొకరు మింగేసేలా చూస్తూ నిలబడి ఉన్నారు. అవతలి పడవలోంచి అక్క, బావ, అక్క అత్తగారు దిగారు. గీత దగ్గర మా జవాను చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆ అమ్మాయి ఒక్కతే. మిగతావాళ్ళు ఎనక్కి.”

“ఒక్కతా? నిండు మనిషిని ఒక్కదాన్ని పంపుతరా ఎవరన్న?” అంది అత్తగారు.

“కాయితంలో పురిటికి పోయేవాళ్ళనే ఉంది. నువ్వు పోతన్నావా పురిటికి? చెప్పు, రాసుకుంటా.”

జవానులు నవ్వారు, అటువాళ్ళు కూడా. ఆవిడ నవ్వలేదు. “గొడ్డు ఎంబడి కాపరి రావొచ్చునట, కోడలెంబడి మొగుడు రావొద్దా? గీ కాయితం రాసినోడు ఎవడో గాని, పెండ్లి గానోడు, ఇల్లు ఎరగనోడు!”

నేను అమ్మ వెనక నిలబడి ఉన్నాను. ఆ మాట నిజం. పురిటికి పోయే పిల్లను అటువాళ్ళు తెచ్చి అప్పగిస్తారని, మళ్ళీ అటువాళ్ళే వచ్చి తీసుకుపోతారని ఏ ఇంట్లోనైనా తెలిసిన సంగతే గాని, నేను రాసినప్పుడు నా కళ్ళముందు అక్క ఒక్కతే ఉంది. నాన్న ఏదో సర్దిచెప్పబోతే మా జవాను, “నువ్వూరుకో సాయిబూ, నువ్వు ఎటువైపు మున్షీవో మాకింకా తేలలా” అన్నాడు. నాన్న ఒక అడుగు వెనక్కి వేశారు. ఆయన ముఖం అలా అవడం నేను అంతకు ముందు చూడలేదు.

జవాను మా వైపు తెలుగు ప్రతిని విప్పి, కావాలంటే చదువుకోండని అక్క ముందు పెట్టాడు. అక్క చాలాసేపు చదివింది. తల తిప్పి బావను చూసింది. ఆయన ఇసుకను చూస్తున్నాడు. అత్తగారు, “ఒక్కదానివి పోతే ఒక్కదానివే ఉండు. తోలుకపోను మా ఇంటికెల్లి కాకి గూడ రాదు” అంది. అక్క గీత దాటి వచ్చింది.

ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా దక్కారు. ఎండాకాలానికి ఒడంబడిక కాగితాల మీదే మిగిలి రేవు మళ్ళీ మూతపడింది. వానలు వెనకబట్టే వేళకు ఢిల్లీ సైన్యం అవతలికి వెళ్ళింది, నైజాం అన్న దేశమే లేకుండా పోయింది, గీత లేదు, జవానులు లేరు. ఇక వాళ్ళు వచ్చి తీసుకుపోతారని మేము చూశాం. వాళ్ళు రాలేదు. తనంతట పోయింది తనంతట రావాలని కబురు పంపారు. ఆనవాయితీ తప్పి మేమెందుకు దింపాలని ఎన్నడూ పట్టుదల లేని మా అమ్మే అడ్డం తిరిగింది. నాన్న ఒకసారి దింపి వస్తానంటే, ఆ గీత దగ్గర పడ్డ మాట చాలలేదా అంది. మూడేళ్ళకు బావ మరో పెళ్ళి చేసుకున్నాడని తెలిసింది. అక్క కుట్టుమిషను మీద కూతుర్ని చదివించింది.

ఆ పన్నెండో షరతు రాసింది నేనని అక్కకు చెప్పాలని ఎన్నేళ్ళో అనుకున్నాను. ఇద్దరికీ తలలు నెరిశాక, ఒక మధ్యాహ్నం మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్నప్పుడు ఎలాగో నోరు పెగిలి చెప్పాను. అక్క తొడిమలు తీయడం ఆపలేదు.

“తెలుసులేవే. ఆ రోజే తెలుసు. ‘పు’కు కొమ్మును అంత పొడుగు లాగేది ఈ లోకంలో నువ్వొక్కదానివే.”

“తెలిసీ ఎందుకొచ్చావే, ఆవిడ అంత మాట అన్నాక?”

“ప్రభుత్వం రాసిన కాయితమయితే ఎనక్కి పోయేదాన్ని. నువ్వు రమ్మన్నావు గదా, వచ్చా.”

ఆ మిరపకాయల ఘాటుకు ఇద్దరం కళ్ళు తుడుచుకున్నామని డైరీలో రాశాను గాని, డైరీలో కూడా మనిషి కొన్ని అబద్ధాలు రాసుకుంటుంది.

అక్క పోయి పన్నెండేళ్ళయింది. వంతెన వచ్చాక కూడా ఆమె ఆ నది దాటలేదు. ఇప్పుడు చదువుకునే ఆడపిల్లలు సంచీ భుజాన వేసుకుని, తోడు లేకుండా, బస్సులో కునికిపాట్లు పడుతూ దాటేస్తున్నారు, నది ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో కూడా వాళ్ళకు తెలియదు. అది మంచిదే, నేను కాదనను. నాకు ఉత్తరాలు రావడం మానేసి చాలా కాలమైంది. అందరూ ఫోనులోనే పలకరిస్తారు, ప్రేమగానే పలకరిస్తారు. నేనింకా రోజూ ఓ పేజీ రాస్తూనే ఉన్నాను. ఆ రాత చూసి ఇది ఫలానా దానిదని గుర్తుపట్టగలిగిన మనిషి మాత్రం ఇప్పుడు నదికి ఇవతలా లేదు, అవతలా లేదు.