ముందు చెయ్యి, తర్వాత తెర

పొద్దున్నే లాలాపేట నుంచి బస్సులో వచ్చి, టిఫిన్ సంచి కుర్చీకి తగిలించి, తారామణి గారు నేరుగా షెడ్డులోకి వెళ్లేవారు. ఒక్కో మోటారు దగ్గరా ఆగి, గుడిలో నంది వీపును తాకినట్టు మెల్లగా చెయ్యి పెట్టి చూసేవారు. ఆ తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చోవడం.

నాచారంలో మందుల పొడి ఆరబెట్టే మా ఫ్యాక్టరీలో యంత్రాలకు సెన్సర్లు పెట్టించిన ఇంజనీరు ఆవిడే. బేరింగు కొద్దికొద్దిగా వేడెక్కుతుంటే, అది విరిగిపోకముందే తెర మీద తెలిసిపోతుంది. ఇక చేత్తో చూడడం ఎందుకని మేం నవ్వితే, "అది జెప్పేది నేను ఇంటున్న. నేను జెప్పేది గూడ అది ఇనాలె గద!" అనేవారు.

2012 దసరాకు షెడ్డంతా కడిగి ఆయుధపూజ చేశాం. పూజ అయ్యాక మర్నాడు పని మొదలైంది. కాసేపటికి పొడికి గాలి కొట్టే పెద్ద ఫ్యాను మోటారు మీద చెయ్యి పెట్టిన తారామణి గారు చటుక్కున వెనక్కి తీసుకున్నారు. తెర మీద మాత్రం చల్లగానే ఉన్నట్టు చూపిస్తోంది. ఆవిడ వెంటనే ఫ్యాను ఆపించారు. వంగి చూస్తే, బేరింగు వేడిని దూరం నుంచే చూసి కనిపెట్టే సెన్సర్ గాజుకన్ను నిండా పసుపు, దాని మీద ఇంత కుంకుమ బొట్టు!

అది సాంబయ్య భక్తి. కీసర నుంచి వచ్చే ఆపరేటర్ ఆయన. కొత్తగా వచ్చిన సామాను కదా అని దానికి అన్నింటికన్నా పెద్ద బొట్టు పెట్టాడు. పర్మనెంటు కాని మనిషి, ఒక్క మాటతో పోయే ఉద్యోగం.

మేనేజరు చిదంబరం గారు విసురుగా వచ్చారు. "ఈ పూటకు పని పోయింది. పూసిందెవరు? ఇవాళే పంపించేస్తాను."

సాంబయ్య నోరు తెరిచేలోపే తారామణి గారు ముందుకొచ్చారు.

"సార్, బేరింగు అరిగింది, పసుపుతోని కాదు. పసుపు మనకు కనవడనియ్యలే, అంతే. సెన్సర్ తెచ్చింది నేను. దాన్ని ఎట్ల జూసుకోవాల్నో వీళ్లకు జెప్పంది నేను. పంపుడైతే నన్ను పంపున్రి."

"మీతో ఎవరు గెలుస్తారమ్మా. బేరింగు మార్పించండి" అని చిదంబరం గారు వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి ఫ్యాను మళ్లీ తిరిగింది. సాంబయ్య అన్నం తినకుండా మూలన నిలబడితే, ఆవిడ తన డబ్బాలోని పెరుగన్నం సగం ఆయనకు పెట్టారు.

"దేవునోలె జూసుకుందామని వెట్టిన మేడం."

"దేవునికి నొసట వెడ్తరు గాని కంట్ల వెడ్తరా మామా?"

షెడ్డంతా ఒక్కసారి నవ్వింది. సాంబయ్య కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

ఆయన తినడం అయ్యేదాకా ఆగి, తారామణి గారు అడిగారు:

"మామా, నాకొక సాయం జెయ్యాలె. నేను రాని దినం ఈ మోటార్ల మీద నీ చెయ్యి వెట్టి సూడు. నాకు ఫోన్ జేసి జెప్పు. నువ్వు జెప్తెనే ఆ తెరను నేను నమ్ముత."