గోడకి అటూ ఇటూ ఇట్టియవిరా

మా తిరువల్లలో కంప్యూటర్లకి బాప్తిస్మం ఇచ్చిన మనిషి ఒక్కరే ఉన్నారు. సారమ్మ టీచరు. రెండు కంప్యూటర్లకి, ఒకే రోజు, ఒకే నిమిషంలో, సంఘపెద్దలందరి ఎదుటా ఇచ్చింది.

సరే, నీళ్లు చల్లలేదు. చల్లి ఉంటే ఆ ఇంట్లో ఫ్యూజు పోయేది. సంఘపెద్దలు కూడా లేరు, పక్కింటి మేడమీద అద్దెకుంటున్న నేనొక్కణ్ణే ఉన్నాను. కానీ పేర్లు పెట్టిన మాట నిజం. చిన్నప్పుడు కాన్వెంటులో ఒక సిస్టరు నా చేత 'ఇకమీదట నిజమే చెబుతాను' అని వందసార్లు రాయించింది. ఆ వందా ఇంకా పూర్తిగా ఖర్చు కాలేదు కాబట్టి ఈ ఒక్కసారికి నన్ను నమ్మవచ్చు.

బస్టాండు వీధిలో, కురువిచ్చన్ గారి భవనం కింది గదిలో సారమ్మ టైపు ఇన్‌స్టిట్యూట్ ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఉంది. పధ్నాలుగు టైపు మెషిన్లు, పధ్నాలుగు చెక్క స్టూళ్లు. కొత్తగా చేరినవాళ్లు అక్షరాలు చూసి కొట్టకుండా చేతులమీద ఒక తువ్వాలు కప్పేది. తను వెనకాల కూర్చుని కాగితాలు దిద్దుకుంటూ, తలెత్తకుండానే "నాలుగో బల్ల, నీ చిటికెన వేలు నిద్రపోతోంది" అనేది. పధ్నాలుగు మెషిన్ల మోతలో ఏ వేలు తడబడిందో ఆవిడ చెవికి తెలిసిపోయేది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "పధ్నాలుగింటికి నూనె పెట్టలేక చస్తున్నాను, ఇంకొకటి కూడానా?" అనేది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. విద్యార్థులు పధ్నాలుగు బల్లలనుంచి అయిదు బల్లలకి తగ్గారు. టీచరు ఎవరికీ చెప్పకుండా ఒక పాత కంప్యూటరు కొని, నేలమీద వార్తాపత్రిక పరిచి దాన్ని ముక్కముక్కలుగా విప్పింది. మరలన్నీ కోడిగుడ్ల అట్టలో, ఒక్కో గుంటలో ఒక్కో రకం పెట్టి, పక్కన పెన్సిలుతో పేర్లు రాసుకుంది. మళ్లీ బిగించింది. మళ్లీ విప్పింది. అలా నాలుగేళ్లు. ఊళ్లో జనానికి మాత్రం ఆవిడ ఇంకా రిబ్బన్లు మార్చే టీచరే.

రెండువేల ఆరులో, వానలు తగ్గిన నెలలో, కురువిచ్చన్ ఇన్‌స్టిట్యూట్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనకి డెబ్భై ఏళ్లు, తుండత్తిల్ కుటుంబానికి పెద్ద.

"టీచరూ, ఈ గది సెల్‌ఫోన్ల కొట్టువాడు అడుగుతున్నాడు."

"అయిదుగురు పిల్లలున్నారు అచ్చాయా. పరీక్ష మార్చిలో."

"నాకు తెలుసు. మా ఆడపిల్లలిద్దరూ నీ దగ్గరే నేర్చుకున్నారు. ఒక్క పని చెయ్యి. మా ఇంట్లో మెషినూ, గోడకవతల మెషినూ మాట్లాడుకోవడం లేదు. శనివారం మధ్యాహ్నంలోగా మాట్లాడించు, నువ్వు బతికున్నన్నాళ్లూ ఈ గది నీదే. లేకపోతే సోమవారం వాడికిచ్చేస్తాను. నన్ను తిట్టుకోకు."

గోడకవతల అంటే ఆయన తమ్ముడు పోతచ్చన్ ఇల్లు. తండ్రి ఇట్టియవిరా పోయాక అన్నదమ్ములు పాత ఇంటిని రెండు చేసుకున్నారు. భోజనాల గది మధ్యనుంచి గోడ లేచింది. అది పెంకుల దాకా వెళ్లలేదు, గాలి కోసం మూరెడు ఖాళీ వదిలారు. కాబట్టి ఒక ఇంట్లో చేప వేగుతుంటే రెండో ఇంట్లో వాసన, ఒక ఇంట్లో తుమ్మితే రెండో ఇంట్లో చప్పుడు. మాటలు మాత్రం ఆరేళ్లుగా లేవు. చెప్పి తీరాల్సిందేదైనా ఉంటే కురువిచ్చన్ భార్య అలెయమ్మ అటూ ఇటూ మోసేది.

ఈలోగా కుటుంబయోగం వచ్చింది. ఏడాదికోసారి వంశమంతా ఒకచోట చేరే సభ అది. ఈసారి కుటుంబ చరిత్ర పుస్తకం వెయ్యాలని తీర్మానించారు. మా వైపు ప్రతి కుటుంబానికీ ఒక పుస్తకం ఉంటుంది, ప్రతి పుస్తకంలోనూ మొదటి పూర్వీకుడికి బాప్తిస్మం ఇచ్చింది సాక్షాత్తూ అపొస్తలుడే. రాత పని కురువిచ్చన్‌ది. ఫోటోలూ వంశవృక్షమూ పోతచ్చన్ దగ్గర. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోరు కాబట్టి, కమిటీవాళ్లు గోడకి కన్నం పెట్టించి నీలం తీగ ఒకటి లాగించారు. ఆ తీగలో ఫైళ్లు ఇటూ అటూ వెళ్లాలి. అన్నగారింట్లో ఫోను లైనుకున్న ఇంటర్నెట్టు కూడా ఆయన కంప్యూటరు మీదుగా తమ్ముడికి అందాలి.

రెండూ సరిగ్గా జరగలేదు. కొట్టాయం నుంచి మెకానిక్కు మూడుసార్లు వచ్చాడు. ప్రతి ఇంట్లోనూ కర్రపెండలమూ చేపల కూరా పెట్టి, లోపం అవతలివాళ్లదేనని చెప్పి పంపించారు. నాలుగోసారి రాలేదు. ఫోటోలు సీడీలోకి ఎక్కించి ఇచ్చేస్తే సరిపోదా అని నేనే అడిగాను.

"ఎవరు ఎవరి గడప ఎక్కుతారు చాకోచ్చాయా?" అంది అలెయమ్మ. "నేను మోసుకెళ్తానంటే ఇద్దరూ ఒప్పుకోలేదు. తీగ వేశాక తీగలోనే రావాలిట."

శనివారం పన్నెండింటికి పుస్తకం అచ్చుకి వెళ్లకపోతే వచ్చే సభ నాటికి రాదు. టీచరు గురువారం పొద్దున్నే రూళ్ల నోటుపుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరింది. రెండిళ్లలోనూ కాలు పెట్టగలిగిన మనిషి ఆవిడే. సాయంత్రానికి ఒక పేజీ రాసింది. తీగ బాగానే ఉంది. రెండు వైపులా దీపాలు వెలుగుతున్నాయి. ఇటునుంచి పలకరిస్తే అటునుంచి జవాబు వస్తోంది. ఇంటర్నెట్టు పగలంతా అందుతోంది, ఏడు కొట్టగానే పోతోందట. ఫోటోల ఫోల్డరు మాత్రం ఎప్పుడూ తెరుచుకోదు.

"ఏడింటికి మా ఇచ్చాయన్ తీగ పీకేస్తాడు" అన్నాడు పోతచ్చన్. "చూడక్కర్లేదు, అన్నతో అరవై ఏళ్లు ఉన్నాను."

టీచరు అన్నగారింట్లో ఏడుదాకా కూర్చుంది. ఏడింటికి అలెయమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, రేడియో ఆపి, ఫ్యాను ఆపి, కంప్యూటరు స్విచ్చి కూడా కట్టేసింది. ప్రార్థన వేళ. తమ్ముడింట్లో ప్రార్థన ఏడున్నరకి. గోడ లేచినప్పుడు పాటలు కలవకూడదని వాళ్లు అరగంట జరుపుకున్నారు. అన్నగారి మెషిను కన్ను మూస్తే దానిమీద ఆధారపడ్డ తమ్ముడి మెషినుకి గాలి ఆడదు.

"అలెయమ్మా, ఇది ఆపక్కర్లేదు. తెర ఒక్కటి ఆర్పు, చాలు."

"ప్రార్థనలో అది నడుస్తూ ఉంటే తప్పు కాదూ?"

"నువ్వు ప్రార్థనలో కళ్లు మూసుకుంటావు. ఊపిరి ఆపుతావా?"

అలెయమ్మ ఆలోచించి తెర ఒక్కటే ఆర్పింది. ఆ రోజునుంచి ఇంటర్నెట్టు పోలేదు. ఫోల్డరు మాత్రం అలాగే మొండికేసింది.

శుక్రవారం టీచరు కురువిచ్చన్ పక్కన కూర్చుని మెషిను మొదటినుంచి తెరిపించింది. తెరమీద చిన్న పెట్టె ఒకటి లేచింది. ఆయన దోమని కొట్టినట్టు దాన్ని నొక్కి మూసేశాడు.

"అదేమిటి అచ్చాయా, చదవనివ్వరేం?"

"చదివేదేముంది. వాడి వేషాలు. 'నీ పేరుగలవాడు ఇంకొకడున్నాడు' అని రోజూ పొద్దున్నే పంపిస్తాడు. దెప్పడం."

టీచరు తమ్ముడింటికి వెళ్లింది. అక్కడా అదే పెట్టె. పోతచ్చన్ కూడా టక్కున మూశాడు.

"ఇచ్చాయన్ పంపిస్తాడు. నేను పట్టించుకోను. పట్టించుకుంటే గెలిచాననుకుంటాడు."

"మీ మెషినుకి ఏం పేరు పెట్టారు పోతచ్చాయా?"

"ఇంకేముంటుంది? ఇంట్లో మొదటిది కదా. మా నాన్న, అప్పచ్చన్ పేరు."

మా వాళ్లలో తొలి కొడుక్కి తాత పేరు పెట్టాలి. అందుకే ఒకే ఇంట్లో ఒకే పేరుగల మనవలు నలుగురు తిరుగుతుంటారు. కంప్యూటరు పెట్టినవాడు దీనికేం పేరు అని అడిగితే, అన్న ఇట్టియవిరా అన్నాడు. తమ్ముడూ ఇట్టియవిరా అన్నాడు. ఒక తీగమీద ఒకే పేరుతో ఇద్దరుంటే, ఫైలు ఎవరిని అడగాలో మెషినుకి తెలియదు. పాపం రోజూ పొద్దున్నే ఆ మాటే చెబుతోంది. ఆరు నెలలుగా అన్నదమ్ములిద్దరూ దాన్ని ఒకరి ఎత్తిపొడుపని ఒకరు మూస్తున్నారు.

టీచరు విడమరిచి చెప్పింది. ఎవరైనా ఒకరు పేరు మార్చుకుంటే చాలంది. గోడమీదుగా ఇద్దరికీ వినపడింది. ఇద్దరూ అలెయమ్మకి చెబుతున్నట్టే జవాబిచ్చారు.

"చెప్పు వాడికి. పెద్దకొడుకుని నేను."

"చెప్పు ఆయనకి. ఆఖరి ఏడాది గంజి తాగించింది నేను."

టీచరు ఇన్‌స్టిట్యూట్‌కి తిరిగి వచ్చేసరికి సెల్‌ఫోన్ల కొట్టువాడు టేపు పట్టుకుని గది కొలుస్తున్నాడు. "ఈ బల్లలు తీసేస్తే వెడల్పే" అన్నాడు మర్యాదగానే. టీచరు అతను కొలవడం అయ్యేదాకా పక్కకి తప్పుకుని నిలబడింది. అతను వెళ్లాక నాలుగో బల్లమీది మెషిను మూత తీసి, తుడిచి, మళ్లీ కప్పింది. రిబ్బను కొనడానికి వెళ్లినట్టు నటిస్తూ నేను అక్కడే ఉన్నాను.

"చాకోచ్చాయా, మన చర్చిలో ఇట్టియవిరాలు ఎంతమంది?"

"తొమ్మండుగురు."

"మరి పాదిరీ అచ్చన్ ఎవరినైనా పిలిస్తే తొమ్మండుగురూ లేస్తారా?"

"ఎందుకు లేస్తారు? బాప్తిస్మం పేరు రిజిస్టరులో ఉంటుంది. పిలవడానికి ఇంటిపిలుపు వేరే ఉంటుందిగా."

టీచరు నావైపు చూసింది. ఇంతకీ ఆ ఉపాయం నేనే ఇచ్చానని నేనంటాను, ఆవిడ ఒప్పుకోదు.

శనివారం పదిన్నరకి ఇద్దరినీ వాళ్ల వాళ్ల మెషిన్ల ముందు కూర్చోబెట్టి, తను రెండు గుమ్మాలూ కనపడేలా వసారాలో నిలబడింది.

"ఇట్టియవిరా అన్న పేరు మెషిను లోపల వివరాల్లో ఉంటుంది, దాన్నెవరూ కదిలించరు. పిలుపు పేరు మాత్రం కొత్తది పెట్టాలి. ఇద్దరూ ఒక్క నిమిషంలోనే నొక్కాలి. ఒకటి ముందు మారితే రెండోది మొరాయిస్తుంది. మీరిద్దరే చూసుకుని నొక్కండి. మధ్యలో అలెయమ్మ చెప్పేసరికి ఆలస్యమైపోతుంది."

ఇది పచ్చి అబద్ధం. ఒకదాని పేరు మారిస్తే చాలు, ఎప్పుడు మార్చినా చాలు. తర్వాత తెలిసినవాళ్లని కనుక్కున్నాను.

"ఏం పేరు కొట్టాలి?" అన్నాడు కురువిచ్చన్.

"ఊళ్లో మీ అప్పచ్చన్‌ని ఏమనేవారు?"

"అవిరాచ్చన్."

"అది ఒకటి. ఇంట్లో వాళ్లమ్మ, మీ వల్యమ్మచ్చి, ఏమని పిలిచేది?"

కురువిచ్చన్‌కి అది తెలియదు. ఆయన చిన్నప్పటినుంచీ హాస్టల్లో చదివాడు. గోడపైనుంచి తమ్ముడి గొంతు వచ్చింది.

"కుంజూట్టి."

"ఎవరన్నారు?" అని అలవాటు చొప్పున అలెయమ్మని అడిగాడు అన్న. అలెయమ్మ టీచరుని చూసింది. టీచరు గడియారం చూసుకుంటోంది.

"నిన్నేరా. ఎవరన్నారు?"

అవతల కుర్చీ కిర్రుమంది. "వల్యమ్మచ్చి. నేను ఆవిడ దగ్గరే పడుకునేవాణ్ణిగా. అప్పచ్చన్ పొలంనుంచి వస్తే, యాభై ఏళ్ల మనిషిని పట్టుకుని, 'కుంజూట్టీ, కాళ్లు కడుక్కో, లేకపోతే అన్నం లేదు' అనేది."

"కడుక్కునేవాడా?"

"పిల్లిలా కడుక్కునేవాడు."

కురువిచ్చన్‌కి నవ్వొచ్చి దగ్గొచ్చింది. "నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడు అడిగావు?"

"సరే, ఆ పేరు నాకివ్వు. నువ్వు అవిరాచ్చన్ పెట్టుకో."

"కుదరదు. విన్నది నేను."

టీచరు మళ్లీ గడియారం చూసుకుంది. గది పోయిందనుకుందని నాకు తెలుస్తూనే ఉంది. కురువిచ్చన్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

"ఉంచుకో. పుస్తకంలో మాత్రం నేనే రాస్తాను. కాళ్లు కడుక్కోవడంతో సహా. లెక్కపెట్టు."

"నువ్వే పెట్టు. పెద్దకొడుకువి."

ఒకటి, రెండు, మూడు. ఇద్దరూ మూడు ఒకేసారి అనలేదు, అయినా ఏం కాలేదు. మెషిన్లు ఆరిపోయి మళ్లీ వెలిగాయి. ఈసారి పెట్టె లేవలేదు. అన్నగారి తెరమీద కుంజూట్టి అనే పేరుతో ఫోల్డరు కనపడింది, నొక్కితే తెరుచుకుంది. మొదటి ఫోటోలో ఒక ముసలావిడ, పక్కన తడికాళ్లతో ఆవిడ కొడుకు. పదకొండూ నలభైకి పుస్తకం అచ్చాఫీసుకి వెళ్లింది.

గోడ ఇంకా ఉంది. అన్నదమ్ములు ఇప్పుడు రోజూ పోట్లాడుకుంటారు, ఎవరి సాయమూ లేకుండా నేరుగా. అలెయమ్మకి తీరిక దొరికింది. సెల్‌ఫోన్ల కొట్టు ఎదురు వరసలో తెరిచారు. ఇన్‌స్టిట్యూట్‌లో ఇప్పుడు ఎనిమిది టైపు మెషిన్లు, ఆరు కంప్యూటర్లు. వాటిమీద కూడా టీచరు తువ్వాలు కప్పే నేర్పిస్తోంది.

ఇదంతా రాసి నిన్న తీసుకెళ్లి ఆవిడకి చదివి వినిపించాను. చేతికి మెషిను నూనె అంటుకుని ఉంది, చివరిదాకా నిలబడే విన్నది.

"చాకోచ్చాయా, నేను ఆ ఇంటికి వెళ్లనే లేదు. వాళ్లు మాట్లాడుకోకపోవడమేమిటి, ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. కొట్టాయం మెకానిక్కే నాలుగోసారి వచ్చి బాగుచేశాడు. ఒకే నిమిషంలో నొక్కాలని నేను ఎవరితోనూ అనలేదు, ఆదివారం బడిలో పిల్లలకి పది ఆజ్ఞలు చెప్పేదాన్ని నేను. ఈ గది నాకు మొదటినుంచీ ఉంది. మీరు రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా జరగలేదు."