దూరమా అని అడిగే అరుగు

మొన్న ఒక పొద్దున మా మేడ మెట్ల మీద చిన్న పొరపాటు చేశాను. ధర్మవరంలో మేం అద్దెకుండే ఇల్లు అది. కింద ఇంటివాళ్ళు, మధ్యలో నేనూ మా ఆయనా, పైన ఈ మధ్యే చేరిన ఒక అమ్మాయి. ఏదో ఆఫీసులో పనట. మెట్ల మీద వెలుతురు బాగుంటుందని నేను అక్కడే కూర్చుని పట్టుచీర కొంగుకు కుచ్చులు కడుతుంటాను. ఆ అమ్మాయి చక్రాల పెట్టె పట్టుకుని దిగుతోంది. మెట్టు మెట్టుకూ పెట్టె టకామంటోంది. తల స్నానం చేసింది, కొత్త చెప్పులు వేసింది, భుజానికి నీళ్ళ సీసా తగిలించింది. అంతా కళ్ళముందు కనబడుతుంటే నా నోరు ఊరుకుంటుందా? దారం పళ్ళ మధ్య పెట్టుకునే, "దూరమా పాపా?" అన్నాను. ఆ పిల్ల ఆగి, చెవిలో పెట్టుకున్నది తీసి, "ఏంటండీ?" అంది. మళ్ళీ అడిగాను. "ఎందుకండీ?" అంది. కోపంగా ఏమీ కాదు, మెత్తగానే అంది. "ఊరికేనమ్మా" అని పక్కకు జరిగి దారి ఇచ్చాను. సాయంత్రం మా ఆయనకు చెబితే, అన్నం ముందు కూర్చుని పొలమారేటట్టు నవ్వాడు. "ఎన్నేండ్లయినా నీ పెనుకొండ బుద్ధి పోదు కదే" అన్నాడు. ఆ మాట నిజమే. ఆ బుద్ధి ఎక్కడ పట్టుకుందో కూడా నాకు తెలుసు. మా అవ్వ అరుగు మీద పట్టుకుంది.

పెనుకొండలో మా ఇల్లు బస్టాండుకు పోయే దారిలో ఉండేది. ఇంటి ముందు గదిలో నాయన మిషను. నాయన టైలరు. ఆ గది వాకిలి అరుగు మీదికి తెరుచుకుంటుంది. అరుగు నల్ల బండలది. ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద కూర్చుంటే దోసె పెనం మీద కూర్చున్నట్టే. అందుకని అవ్వ పొద్దున తూర్పు పక్క, మధ్యాహ్నం లోపలికి, సాయంత్రం పడమటి గోడ నీడకు, ఇట్లా పొద్దుతో పాటు తిరుగుతూ ఉండేది. పక్కన ఆకూ వక్కల డబ్బా, చిన్న రోలు. పళ్ళు లేవు కదా, ఆకూ వక్కా దంచుకుని వేసుకునేది. ఆ టుకుటుకు చప్పుడూ, లోపల నాయన మిషను చప్పుడూ ఒకదానికొకటి బదులిచ్చుకుంటున్నట్టు ఉండేవి. అవ్వ కన్ను మాత్రం దారి మీదే. సంచీతో ఎవరైనా పోతూ కనబడితే చాలు, "దూరమా?" అనేది. "యాడికి" అని అడగకూడదు. బయల్దేరిన మనిషిని యాడికి అంటే పోయిన పని చెడుతుందని మా వైపు అందరికీ పట్టింపు. దూరమా అంటే దోషం లేదు. అడిగేదీ అదే, తెలుసుకునేదీ అదే, ఒట్టి మర్యాదగా మాట మార్చడం అంతే. చిన్నప్పుడు ఒకసారి నేను పాల కోసం పోతున్న మామను "యాడికి మామా" అన్నానని అవ్వ నన్ను లోపలికి పిలిచి నెత్తిన మొట్టింది. ఆ మామ పాలు తెచ్చుకుని క్షేమంగానే వచ్చాడు. అయినా మొట్టికాయ మొట్టికాయే.

అడగడంతో అయిపోదు. పోయే మనిషి "హిందూపురానికవ్వా" అన్నాడనుకోండి, అవ్వ వెంటనే వీధిలో ఎవరికి అక్కడినుంచి ఏం కావాలో చెప్పి పంపేది. ధర్మవరం పోయేవాళ్ళ చేతికి ఒకరి జాకెట్టు గుడ్డ, ఆమడగూరు పోయేవాళ్ళ చేతికి ఒకరి చింతకాయ పచ్చడి. ఎవరి పని ఎవరికి అప్పజెప్పిందో మరిచిపోకుండా చీర చెంగుకు ముడులు వేసుకునేది. సాయంత్రానికి ఆ చెంగు పచ్చి వేరుశనగ కాయల గుత్తిలా ఉండేది. తిరిగి వచ్చిన మనిషిని "వస్తివా?" అని పలకరించి, తెచ్చింది తీసుకుని ఒక ముడి విప్పేది. వచ్చి ఎదురుగా నిలబడిన మనిషిని వస్తివా అని అడగడం ఏమిటని నేను నవ్వేదాన్ని. ఇంతా చేసి అవ్వకు బస్సు పడదు. పొగ వాసనకే కడుపులో తిప్పుతుంది. ఊళ్ళో అందరి దూరాలూ తెలిసిన మనిషి సోమందేపల్లి దాటింది కూడా తక్కువే.

ఇంటర్లో లెక్కలు నన్ను విడిచిపెట్టాయి, నేనూ వాటిని విడిచిపెట్టాను. ఇంట్లో కూర్చుని నాయనకు కాజాలు కుట్టి పెడుతుంటే రోజులు చప్పగా ఉండేవి. మాటలంటే నాకు ప్రాణం. ఇంట్లో మాట్లాడేందుకు అమ్మ, అమ్మతో మాట్లాడితే ఒక పని చెబుతుంది. అప్పుడే నాతో చదివిన పిల్ల ఒకతె హిందూపురంలో చీరల షాపులో చేరింది. ఇంకొక మనిషి కావాలంటున్నారు, రమ్మంది. రోజంతా చీరలు విప్పి చూపించాలి, మాట్లాడుతూనే ఉండాలి, దానికి జీతం కూడా ఇస్తారు. నాకోసమే పుట్టించిన పని అనిపించింది. నాయనతో చెప్పాను. నాయన మిషను ఆపలేదు. తొక్కుతూనే, "పని చెడ్డదని నేననను పాపా. దినామూ పొద్దన్నే నువ్వు బస్టాండుకు పోతాంటే ఈ దావన పోయేవాళ్ళంతా అడుగుతారు. నీ కూతురు యాడ చేస్తాండాది, ఏం చేస్తాండాది, ఇంట్లో జరగక పంపిస్తాండావా అని. ఎంతమందికని చెప్పల్ల నేను?" అన్నాడు. అక్కడే ఉన్న అవ్వ రోట్లో దంచడం ఆపింది. ఊళ్ళో అడిగేవాళ్ళలో మొదటి మనిషి తానే కదా.

నాయన వద్దనలేదు, సరే అనలేదు. "చూద్దాంలే" అన్నాడు. ఆ మాటను నేను సరే కింద వేసుకుని సోమవారం నుంచి పోవడం మొదలుపెట్టాను. తల మీదికి చున్నీ లాక్కుని, గోడవారగా నడిచేదాన్ని. ఎవరైనా దూరమా అంటే "ఈడికే" అనేదాన్ని. ఒకటి రెండు రోజులు చూసి అవ్వ నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుంది. "ఏమే, తెల్లారకుండానే తలలో పూలు పెట్టుకొని, చేతిలో క్యారేరు పట్టుకొని, బస్టాండు దిక్కు పోతా ఈడికే అంటే ఎవురు నమ్ముతారే? కిరాణా కొట్టాయనైతే నువ్వు యాడికో లేచిపోతాండావని బస్సు దాకా వెనకాల వచ్చినాడంట. ఇట్ల దొంగతనంగా పోతే నీకు మంచి పేరొస్తుందా?" అంది. "మరేం చెప్పల్ల అవ్వా? నాయనను ఎవురూ అడగకూడదనే కదా" అన్నాను. "నువ్వేం చెప్పొద్దు. నేనుండా కదా చెప్పేదానికి" అంది.

ఆ రోజునుంచి అవ్వ పద్ధతి మార్చింది. దారిన పోయేవాళ్ళను దూరమా అని అడిగాక వాళ్ళు జవాబిచ్చేలోపే, "మా పాప దినామూ హిందూపురానికి పోయొస్తాండాది. ఏమన్నా కావల్లంటే చెప్పు" అనేది. నా పరువు, నాయన పరువు ఏమవుతాయోనని లోపల గదిలో నేను చెవులు మూసుకున్నాను. కానీ ఎవరూ నాయనను ఏమీ అడగలేదు. వాళ్ళకు అడగడానికి తీరిక ఏదీ? చెప్పుకోవడానికే సరిపోయింది. మొదట ఎదురింటి పెద్దమ్మ వచ్చింది. వాళ్ళు ముస్లిములు, మాకు చుట్టరికం లేదు, అయినా పుట్టినప్పటి నుంచీ పెద్దమ్మే. ఆమెకు కంటిలో వేసుకునే చుక్కల మందు హిందూపురంలో ఒక మందుల షాపులోనే దొరికేది. కొడుకు నెలకొకసారి పోయి తెచ్చేవాడు, మధ్యలో అయిపోతే కళ్ళు నులుముకుంటూ కూర్చునేది. తర్వాత హైస్కూలు అయ్యవారు విరిగిన కళ్ళద్దాల కాలు పట్టుకొచ్చారు. ఒక బాలింతకు పాలసీసా రబ్బరు. లేచిపోతున్నానని అనుకున్న కిరాణా మామకు షట్టరు తాళం. నేను మధ్యాహ్నం క్యారేరు తొందర తొందరగా ఖాళీ చేసి బజారు మీద పడేదాన్ని. షాపు యజమాని చూసి చూసి, "ఏమ్మా, నువ్వు చీరలు అమ్మేదానికి వచ్చినావా, పెనుకొండకు మూటలు మోసేదానికి వచ్చినావా?" అనేవాడు. ఆకుపచ్చ జిప్పు తెమ్మంటే నీలం జిప్పు తెచ్చి ఒకసారి తిట్లు కూడా తిన్నాను. బస్సులో ఒడి నిండా పొట్లాలతో, కిటికీ లోంచి మా కొండ కనబడే వేళకు, నన్ను చూసుకుంటే నాకే గాడిదలా అనిపించేది. కానీ తల మీద చున్నీ ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియదు.

నాయన మాత్రం ఏమీ తెమ్మనలేదు. అంతా చూస్తూనే ఉన్నాడు. మిషను మాత్రం కొంచెం గట్టిగా తొక్కేవాడు.

ఒక సాయంత్రం దారిలో బస్సు చెడిపోయింది. ఇంకొక బస్సు వచ్చేసరికి చీకటి పడింది. ఫోనులో ఛార్జింగు లేదు. బస్టాండు నుంచి వస్తుంటే మా అరుగు మీద జనం కనబడి గబగబా నడిచాను. అవ్వకేమైనా అయిందేమో అనుకున్నాను. ఏమీ కాలేదు. వాళ్ళంతా నాకోసం కూర్చున్నారు. పెద్దమ్మ చుక్కల మందు సంగతే అడగలేదు, నా చేతులు రెండూ పట్టుకుని, "యాడ చిక్కుకుంటివి బిడ్డా" అంది. నాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. అందరూ పోయిందాకా ఆగాడు. అప్పుడు, "రేపట్నుంచి పోవద్దులే పాపా. ఈ పొద్దు నా పానం పానంలో ల్యాదు" అన్నాడు. అరిచినా బాగుండేది, వాదించేదాన్ని. అంత నెమ్మదిగా చెబితే ఏమంటాను? అమ్మ నా క్యారేరు కడిగి అటక మీద పెట్టేసింది.

తెల్లారి నేను లేవనే లేదు. బస్సు వేళ దాటిపోతోంది. అరుగు మీద మాటలు వినబడుతున్నాయి. పెద్దమ్మ, "చుక్కలు రాత్రి ఈడ్నే మరిచిపోతినక్కా" అంటోంది. అయ్యవారు, "పాప ఇంకా బయల్దేరలేదా? నా అద్దాలు ఈరోజు ఇస్తామన్నారు" అంటున్నారు. కిరాణా మామ, "రాత్రి బస్సు మతలబు నేను డిపోలో కనుక్కొంటిని. ఇంకమీద ఆలస్యమైతే నా కొట్టుకు ఫోన్ చెయ్యమను, నేనొచ్చి చెప్తా" అంటున్నాడు. లోపల మిషను నడుస్తోంది. ఎవరూ నాయనను పంపమని అడగలేదు. అడిగితే బహుశా వద్దనేవాడు. అప్పుడు అవ్వ నన్ను పిలిచింది. చింపిరి జుట్టుతోనే వాకిట్లోకి వచ్చాను. అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసి, దారిన పోయే మనిషిని అడిగినట్టే, అందరికీ వినబడేటట్టు, "దూరమా?" అంది. పుట్టి బుద్ధి ఎరిగాక అవ్వ నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. ఇంట్లో పిల్లను ఎవరడుగుతారు?

నాయన వీపు చూశాను. "హిందూపురానికవ్వా" అన్నాను.

"అయితే మీ నాయనకేం కావల్లో అడుగుపో" అంది.

అడగలేదు నేను. వాకిలి పట్టుకుని నిలబడ్డాను, అంతే. మిషను కొంతదూరం పోయి ఆగింది. నాయన సూది కింది నుంచి గుడ్డ తీసి, దారం కొరికి, ఆ గుడ్డ వైపే చూస్తూ, "నల్ల లైనింగు మూడు మీటర్లు. ఈడ దొరికేది ఉతికితే కుంగుతాండాది. చేత్తో నలిపి చూసి తే" అన్నాడు. అవ్వ చెంగు తీసుకుని ఒక ముడి వేసింది. అమ్మ అటక మీది క్యారేరు దించుతున్న చప్పుడు వినబడింది. తొమ్మిది గంటల బస్సుకు పోయాను. షాపులో ఆలస్యానికి మాట పడ్డాను. లైనింగు కోసం మధ్యాహ్నం బజారులో ఉన్న గుడ్డల షాపులన్నీ నలిపి చూశాను. ఆ తర్వాత పెళ్ళై ధర్మవరం వచ్చిందాకా ఆ బస్సులోనే తిరిగాను. వారానికొకసారైనా నాయనకు ఏదో ఒకటి కావలసి వచ్చేది. ఒక్కోసారి అప్పటికే ఇంట్లో ఉన్న దారమే మళ్ళీ తెమ్మనేవాడు.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ అడగడం ప్రాణానికి విసుగ్గా ఉండేది. తుమ్మినా దగ్గినా పది మందికి చెప్పుకోవాలి. ఎవరూ ఏమీ అడగని ఊళ్ళో బతకాలని బస్సులో కిటికీకి తల ఆనించి అనుకునేదాన్ని. అట్లాంటి మెట్లే దొరికాయి ఇప్పుడు. అవ్వ పోయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగు సగం పోయింది. మిగిలిన సగం మీద నాయన ఇప్పుడు కుర్చీ వేసుకుంటాడు. చూపు ఆనక మిషను తగ్గించాడు. పోయిన నెల నేను తిరుగు బస్సుకు బయల్దేరుతుంటే అటుగా పోతున్న ఎవరినో "దూరమా?" అని అడుగుతున్నాడు. అడిగి, నేను విన్నానేమోనని నా వైపు చూసి సిగ్గుపడ్డాడు.

నిన్న సాయంత్రం మెట్ల మీద మళ్ళీ ఆ చక్రాల చప్పుడు. ఈసారి పైకి. నేను కుచ్చులు కడుతూ తల వంచుకునే ఉందామనుకున్నాను. ఆ పిల్ల నా పక్కకు వచ్చేసరికి నా నోరు నా మాట వినలేదు. "వస్తివా పాపా?" అన్నాను. పిల్ల ఆగింది. ఎందుకండీ అంటుందని కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాను. "ఆఁ, వచ్చానండీ" అంది. పెట్టె మెట్టు మీద పెట్టి, ఊపిరి పీల్చుకుని, ఒక నిమిషం అక్కడే నిలబడింది. ఆమె పైకి పోయాక చూసుకుంటే, నా చీర చెంగు కొసన నాకు తెలియకుండానే ఒక ముడి వేసి ఉంది. ఎవరూ అడగని చోట రోజులు ఎప్పుడు బయల్దేరుతున్నాయో ఎప్పుడు ఇల్లు చేరుతున్నాయో తెలియకుండానే పోతున్నాయి. మా అవ్వ అరుగు మీద ఉన్నన్నాళ్ళు మాత్రం ప్రతి రోజుకూ ఒక పోవడం, ఒక రావడం ఉండేవి.