ఒక మనిషి తక్కువ

క్లిఫర్డ్ టాటర్సాల్‌కి ఖాళీ కుర్చీ కనబడకూడదు. కనబడిందా, అందులో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టేదాకా ఆయనకి తిన్నది అరగదు. ఇంగ్లండులోని ఓల్డమ్‌లో బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన ఉద్యోగాన్ని వదిలాడు గాని, ఉద్యోగం ఆయన్ని వదల్లేదు.

ఓడ రేవులో ఆగిన రోజున ఆయనతో ఏ బాధా లేదు. అందరితోపాటు దిగి, ఊరు చూసి, ఓ పోస్టుకార్డు కొనుక్కుని వస్తాడు. బాధల్లా సముద్రపు రోజులతోనే. ప్రపంచం చుట్టి వచ్చే ఓడ మాది. ఒక రేవు దాటితే మళ్ళీ రేవు వచ్చేదాకా రోజుల తరబడి నీళ్ళే. ఆ రోజుల్లో మాలాంటి ముసలివాళ్ళం తింటాం, తిన్నది ఎక్కువైందని డెక్కు చుట్టూ నడుస్తాం, నడిచేసరికి ఆకలేసిందని మళ్ళీ తింటాం. ఇది చూస్తూ ఊరుకునే రకం కాదు క్లిఫర్డ్. పొద్దున్నే బయల్దేరి దొరికినవాళ్ళని దొరికినట్టు పట్టుకుంటాడు. నోట్లో ఒకటే మాట.

"ఒక మనిషి తక్కువయ్యారండీ. కాస్త సాయం పడతారా?"

ఓసారి ఓ రిటైర్డ్ పోలీసు ఇన్‌స్పెక్టరుని తీసుకెళ్ళి అల్లికల క్లాసులో కూర్చోబెట్టాడు. "ఊలు ఉండ పట్టుకుంటే చాలు సార్" అన్నాడట. కొన్నాళ్ళకి ఇన్‌స్పెక్టరు మేజోడు అల్లాడు. ఒకటే. రెండోది పూర్తి చేసేలోపు ఆయన్ని పేకాట బల్ల దగ్గరికి లాక్కుపోయాడు, అక్కడ మనిషి తక్కువని. చెవులు సరిగా వినబడని నార్మన్ గారిని పాటల బృందంలో చేర్చాడు. మిగతావాళ్ళు పాట ముగించి చప్పట్లు కూడా కొట్టించుకున్నాక ఆయన రెండో చరణం ఎత్తుకున్నాడు.

"ఏమయ్యా క్లిఫర్డ్, నిజంగానే మనిషి తక్కువవుతున్నారా, లేక నువ్వే కల్పిస్తున్నావా?" అని అడిగాను.

"నీకెందుకు ఐరిస్ తల్లీ ఆ లెక్కలు? లేచి రా, బంతులాటకి ఒక మనిషి తక్కువ."

శాన్‌ఫ్రాన్సిస్కో దాటాక హొనలూలూ దాకా అన్నీ సముద్రపు రోజులే. రోజూ భోజనాలకి ముందు లాంజిలో క్విజ్ పెట్టేవారు. జట్టుకి ఆరుగురు. రేవు చేరే ముందు రోజు ఆఖరి పోటీ. గెలిచినవాళ్ళకి పెట్టెలకి కట్టుకునే ప్లాస్టిక్ పేరుబిళ్ళలు ఇస్తారు. వాటికోసం మా ఓడలో ఏళ్ళనాటి స్నేహాలు చెడ్డాయి. నేనైతే లైబ్రరీలో కూర్చుని అట్లాసు బట్టీపట్టాను. ఎందుకంటే ఆఖరి రోజుకి మా జట్టూ పెటిఫర్ మాస్టారి జట్టూ సమానంగా ఉన్నాయి. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు. పక్క బల్లవాళ్ళు తుమ్మినా జవాబు అందిస్తున్నారని వేలెత్తుతాడు.

సరిగ్గా ఆ పోటీకి, మా జట్టులో ఆరోవాడైన క్లిఫర్డ్, ఎనిడ్‌ని వెంటబెట్టుకొచ్చాడు.

ఎనిడ్ గది మా వరసలోదే. ఆమె భర్త స్టాన్లీ ఇద్దరికీ టికెట్లు కొని, ప్రయాణానికి ముందే పోయాడు. ఆమె ఒక్కతే ఓడెక్కింది. ఎక్కాక గదిలోంచి బయటికి రాలేదు. గుమ్మం బయట సూపు గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉండేది. హొనలూలూలో దిగి విమానంలో ఇంటికి పోతానని రిసెప్షన్‌లో చెప్పేసింది. ఆ ఇంట్లో ఎవరూ లేరు. గిన్నె చూసినప్పుడల్లా, అక్కడికెళ్ళి ఈమె అసలు తింటుందా అని నాకు భయం వేసేది. కాని ఆ భయం వేరు, క్విజ్ వేరు.

"ఒక మనిషి తక్కువన్నారు" అంది ఎనిడ్, కూర్చుని హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుంటూ.

పెటిఫర్ మాస్టారి వేలు అప్పటికే లేచింది. "ఆ బల్ల దగ్గర ఏడుగురున్నారు."

క్విజ్ నడిపే అమ్మాయి మైకు పట్టుకుని ఇబ్బందిగా చూసింది. "ఆరుగురే ఉండాలండీ."

ఎనిడ్ లేవబోయింది. ఇప్పుడు లేచి వెళ్ళిందంటే మళ్ళీ గదిలోంచి పెట్టెలతోనే బయటికొస్తుందని నాకు తెలిసిపోయింది.

"ఆరుగురే కదమ్మా, నేను ఆడటం లేదుగా" అంటూ క్లిఫర్డ్ వెళ్ళి స్తంభం పక్కన నిలబడ్డాడు. పాత పాటల ప్రశ్నలకి మాకున్న దిక్కు ఆయనొక్కడే. అట్లాసుతో నెత్తిన ఒకటి వెయ్యాలనిపించింది.

ప్రశ్నలు సాగాయి. ఎనిడ్ నోరు విప్పలేదు. ఆఖరి ప్రశ్న వచ్చింది.

"కెనరీ దీవులకి ఏ జీవి వల్ల ఆ పేరొచ్చింది?"

కుక్కలు. లాటిన్‌లో కుక్కని పిలిచే మాట నుంచి ఆ దీవులకి పేరొచ్చిందని అట్లాసులో పొద్దున్నే చదివాను. పెన్ను కాగితం మీద పెట్టానో లేదో, ఎనిడ్ గొంతు వినబడింది.

"పిట్ట. పసుప్పచ్చ కెనరీ పిట్ట. పెళ్ళైన కొత్తలో అక్కడికి వెళ్ళాం. స్టాన్లీయే చెప్పాడు."

ఓడెక్కాక ఆమె అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. కళ్ళు వెలుగుతున్నాయి. కుక్కలని రాస్తే స్టాన్లీ మాట తీసేసినట్టు. పిట్టని రాస్తే పేరుబిళ్ళలు పెటిఫర్ మాస్టారికి ధారపోసినట్టు. టైము అయిపోవస్తోందని ఆ అమ్మాయి హెచ్చరించింది. స్తంభం వైపు చూశాను. జవాబు క్లిఫర్డ్‌కీ తెలుసు, మొహమే చెబుతోంది. అయినా ఆమె చెప్పిందే రాయమని తల ఊపాడు. సైగలు చేస్తున్నారని మాస్టారు వేలెత్తేసరికి నేను రాసేశాను.

ఒక్క మార్కుతో ఓడిపోయాం.

"కుక్కలా?" అంది ఎనిడ్. మొహం ఎర్రబడింది. "జన్మంతా నన్ను నమ్మించాడే ఈ మనిషి. ఆ దీవుల గుర్తుగా ఇంటినిండా నాచేత పసుప్పచ్చ పరదాలు కుట్టించాడు. కుక్కలకోసం కుట్టానా అన్నీ?" అని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, ముక్కు చీదుకుని మళ్ళీ నవ్వింది.

పెటిఫర్ మాస్టారు పేరుబిళ్ళ ఊపుకుంటూ వచ్చాడు. "కొత్త కదమ్మా. మీ స్థాయికి బాగానే ఆడారు."

ఎనిడ్ నవ్వు ఠక్కున ఆగింది. "మళ్ళీ పోటీ ఎప్పుడు?"

"హొనలూలూ దాటాక. మీరు దిగిపోతున్నారుగా."

ఆమె హ్యాండ్‌బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. నేను క్లిఫర్డ్ మీద విరుచుకుపడ్డాను.

"మనిషి తక్కువని అబద్ధమెందుకు? ఒంటరిగా ఉన్నారు, వచ్చి కూర్చోండని పిలిస్తే పోయేదిగా?"

"జాలిపడి పిలిస్తే ఎవరొస్తారు ఐరిస్? తలుపేసుకుంటారు. మనిషి తక్కువయ్యారంటే, పాపం ఈ ముసలాడు ఇబ్బంది పడుతున్నాడని వాళ్ళే నామీద జాలిపడి వస్తారు."

ఇన్‌స్పెక్టరూ నార్మన్ గారూ ఒంటరిగా ఓడెక్కినవాళ్ళేనని నాకప్పుడు తట్టింది. మరి నన్నెందుకు పిలిచేవాడో ఆయన్ని అడగలేదు.

మర్నాడు హొనలూలూలో ఎనిడ్ హ్యాండ్‌బ్యాగుతో దిగడం చూశాను. పెట్టెలు ముందే దింపేశారేమోనన్న అనుమానంతో నేను ఊరు చూడ్డానికి కూడా వెళ్ళకుండా రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. క్లిఫర్డ్ నా పక్కనే ఉన్నాడు, ఆరోజు ఒక్క మనిషినీ పట్టుకోలేదు. ఓడ తాళ్ళు విప్పబోతుండగా వచ్చింది ఎనిడ్, చంకలో ఇటుకంత జనరల్ నాలెడ్జి పుస్తకంతో.

తర్వాతి సముద్రపు రోజున మా బల్ల దగ్గర ఏడుగురం తేలాం. ఎవరు లేవాలా అని చూసుకుంటుంటే ఎనిడ్ నావైపు తిరిగింది.

"కుక్కలని నీకు ముందే తెలుసట?"

"తెలుసు."

"తెలిసీ నా మొహం చూసి పిట్టని రాశావా? ఇంత మెతక మనిషివి ఈ జట్టుకి పనికిరావు ఐరిస్. లే."

లేచాను. క్లిఫర్డ్ అప్పటికే స్తంభం పక్కన నాకో కుర్చీ లాగి పెట్టాడు.