ఉత్తుత్తి కంపెనీలో అక్క

మా బావని ఆఫీసులో ఉత్తుత్తి మేనేజరు అనేవాళ్ళు. పంపులూ మోటార్లూ అమ్మే కంపెనీలో ఆయనది ప్రణాళికల గది. ఏ కొత్త పద్ధతి పెట్టాలన్నా ముందు కంప్యూటరులో ఒక ఉత్తుత్తి కంపెనీ కట్టి, అందులో బొమ్మ ఉద్యోగుల్ని కూర్చోబెట్టి, ఆ పద్ధతిని వాళ్ళ మీద నడిపి చూడడం ఆయన పని. దాన్ని సిమ్యులేషన్ అంటారు. "మనుషులకి తగలాల్సిన దెబ్బ ముందు బొమ్మలకి తగలాలి మరదలా" అనేవాడు. మంచివాడే. నా మంటంతా అదే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

మా అక్క అదే కంపెనీలో ఫిర్యాదుల గదిలో ఫోన్లు ఎత్తేది. పంపు పాడైన కోపంలో జనం ఎన్ని మాటలన్నా నవ్వుతూ వినేది. కొత్తగా చేరినవాళ్ళు జవాబు తెలియక నీళ్ళు నములుతుంటే, తన ఫోను పక్కన పెట్టేసి వాళ్ళ కుర్చీ దగ్గరికి వెళ్ళి గట్టెక్కించేది. అందరికీ తలలో నాలుక. ఆ ఉద్యోగం లేకపోతే దానికి పొద్దు గడవదు.

ఉన్నట్టుండి కంపెనీ పెద్దవాళ్ళకి మార్కుల పిచ్చి పట్టింది. ఎవరు ఎంత పని చేస్తున్నారో కొలిచి మార్కులేస్తారట. వరసగా రెండుసార్లు అడుగున ఉంటే ఇంటికే. ఈ పద్ధతిని అన్ని విభాగాల్లో ఒకేసారి పెట్టాలా, ఒకచోట మొదలుపెట్టి తప్పులు దిద్దుకుంటూ పోవాలా అన్నది బావ తేల్చాలి. బొమ్మల మీద నడిపి చూశాడు. ఒకేసారి పెట్టినా ఏ ముప్పూ లేదని తేలింది.

నాకెందుకో మనసు కీడు శంకించింది. "మా ఆసుపత్రి రిసెప్షన్‌లో ఖాళీ ఉంది, వచ్చెయ్యవే అక్కా" అని బతిమాలాను. అక్క బావ వైపు చూసింది.

"ఎక్కడికీ వద్దు. నీలాంటి బొమ్మలు నా దగ్గర మార్కుల్లో పైనే ఉంటున్నాయి" అన్నాడు బావ.

"మీ బావ లెక్క తప్పదే" అంది అక్క గర్వంగా.

ఆ లెక్కలో ఒక్కటి లేదు. బావ బొమ్మలు ఎవరి ఫోను వాళ్ళే ఎత్తుతాయి. ఒక్క బొమ్మయినా లేచి పక్క బొమ్మ దగ్గరికి వెళ్ళదు. ఇన్నేళ్ళూ అన్నం దగ్గర అక్క కబుర్లన్నీ విన్న మనిషికి, ఆ లేచి వెళ్ళడం కూడా పనే అని తోచలేదు.

మార్కుల పద్ధతికీ తోచలేదు. మొదటిసారే అక్క అడుగున తేలింది. "కొన్నాళ్ళు కుర్చీలోంచి కదలకే తల్లీ!" అని మొత్తుకున్నాను.

"పక్కపిల్ల ఏడుపు మొహం పెడితే నాకు మార్కులు గుర్తొస్తాయటే?" అంది.

రెండోసారీ అంతే. అక్క సంచీ సర్దుకుని ఇంటికొచ్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "కంచే చేను మేసింది కదా బావా!" అని మొహం మీదే అనేశాను.

తర్వాత ఆయన బొమ్మలకి లేచి వెళ్ళడం నేర్పాడు. మళ్ళీ నడిపితే, అక్కలాంటి బొమ్మలు వెళ్ళిపోగానే కొత్తవన్నీ చతికిలబడి, ఫిర్యాదుల గది కుప్పకూలింది. చేతులు కాలాక ఆకులు! పెద్దవాళ్ళు చూసి మెచ్చుకున్నారు. సాయానికి కూడా మార్కులు పెట్టి పద్ధతి మార్చారు. మరి మా ఆవిడో అని బావ అడిగితే, ఆ కుర్చీలో వేరే మనిషి చేరిపోయింది కదా అన్నారు.

ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి ఇద్దరూ కంప్యూటరు ముందున్నారు. తెరమీద ఒక చుక్క లేచి పక్క చుక్క దగ్గరికి వెళ్తోంది, మళ్ళీ తన చోటికి వస్తోంది.

"ఇది నువ్వే. మార్చిన పద్ధతి మీద నడిపాను. చూడు, రిటైరయ్యేదాకా ఉంటావు" అంటున్నాడు బావ.

అక్క రెప్ప వెయ్యకుండా చాలాసేపు చూసింది.

"కొత్తపిల్లకి బాగానే చెబుతోంది" అంది. తర్వాత, "ఆపెయ్యండి. అది పనికి వెళ్తోంది. నేను వెళ్ళట్లేదు."

బావకి చెయ్యి రాలేదు. అక్కే ఆపేసింది.