సద్దు చేయని జాకెట్

వానలు తగ్గి, పొద్దున బండి మీద చలి తగిలే రోజుల్లో జాకెట్ కొనడానికి పావగడ బజారుకు వెళ్లాను. బలసముద్రం నుంచి వచ్చిన ఒక గొర్రెల కాపరి అప్పటికే మెరిసే నల్ల జాకెట్ తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు.

"హీరో మాదిరి ఉండావప్పా," అన్నాడు అంగడాయన.

అతను మురిసిపోయి చెయ్యి ఊపాడు. బట్ట గరగరమంది.

"ఈ సద్దుకు గొర్రెలు బెదిరి మా ఊరికాడి సోలార్ ప్లాంటు కంచెల్లో పడతాయప్పా."

"రెండు దినాల్లో అలవాటయితాదిలే."

"అంతలోపల యాడికన్నా పోతే నువ్వొచ్చి వెదుకుతావా?"

చివరికి మెత్తటి బూడిదరంగు ఉన్నిది తీసుకున్నాడు. పోతూ పోతూ నల్లదాన్ని ఒకసారి తడిమి చూశాడు. దాన్నే అడగాలనుకున్న నేను, అతను వీధి మలుపు తిరిగాకే దాని ధర అడిగాను.