కల్లం కాపలాకి జలుబు బిళ్ళ

సాయంత్రం మా నాన్న నా మందుల షాపుకొచ్చి జలుబు బిళ్ళలు అడిగాడు. ఆయనకి జలుబు లేదు. పోయినవారం అవి వేసుకుంటే తెల్లవార్లూ నిద్ర పట్టలేదట. అందుకని ఈ రాత్రి కల్లంలో ఆరబోసిన మిరపకాయలకి కాపలా ఉండటానికి కావాలట.

“ఆ మందు రక్తనాళాల్ని బిగించి ముక్కుదిబ్బడ తీస్తుంది నాన్నా. ఆ బిగింపుకి బీపీ కూడా పెరుగుద్ది. నీకసలే బీపీ. ఇవ్వను.”

“కన్నకూతురి షాపులో నాకే లేదంటావేందే? కాయ పోతే?”

“కాపలా నేనుంటా.”

“ఆడపిల్లవి, కల్లంలో పడుకుంటావా? నలుగురూ ఏమనుకుంటారు?”

“పడుకోను. కూర్చుంటా.”

షాపు కట్టేశాను. ఫ్లాస్కు నిండా టీ పోసుకుని, టార్చిలైటు పట్టుకుని బయల్దేరుతున్నాను. ఆ నలుగురిలో మీరూ ఉంటే, అనుకునేదేదో కల్లానికే వచ్చి అనుకోండి. దుప్పటి మాత్రం తెచ్చుకోండి, మంచు పడుతోంది.